వారం ముందు నడిచే అద్దం

గురువారం సాయంత్రం ఆరయ్యేసరికి ఐసు ఫ్యాక్టరీ పైనున్న హాలులోకి డాన్స్ క్లాసుకి ఒక్కొక్కరే చేరి, చెప్పులు విప్పి, ముందుగా అద్దం దగ్గరికి వెళ్లేవాళ్లు. రెండు తలుపులు పక్కపక్కన పెట్టినంత అద్దం. మూతపడిన బట్టల కొట్టు నుంచి కండక్టరమ్మ చవగ్గా కొనుక్కొచ్చింది. అది వారం రోజులు ముందు నడుస్తుంది. కొన్ని గడియారాలు ఐదు నిమిషాలు ముందు నడవవూ, అలాగే. వచ్చే గురువారం ఇదే వేళకి దాని ఎదురుగా ఏముంటుందో అది ఇవాళే చూపిస్తుంది. ఇవాళ్టి మొహం చూసుకోవాలంటే మెట్ల దగ్గర చిన్న అద్దం వేరే ఉంది.

అలవాటైపోయింది కాబట్టి ఎవరూ దాన్ని వింతగా చూసేవాళ్లు కాదు. అద్దంలో అందరూ తడిసి కనిపిస్తే పరుగెత్తి గొడుగులు కొనేవాళ్లు, తీరా ఆ రోజుకి వాటిని ఇంట్లో మరిచిపోయి తడిసే వచ్చేవాళ్లు. గడ్డం మీద గాటు కనిపించిన వారమంతా సెలూన్ బాబాయ్ ఒళ్లు దగ్గర పెట్టుకుని గీసుకునేవాడు. బుధవారం దాకా ఏమీ అయ్యేది కాదు. గురువారం పొద్దున తెగేది. ఎవరైనా అద్దంలో కనిపించకపోతే మాత్రం కండక్టరమ్మ ఊరుకునేది కాదు.

"వచ్చే వారం ఎగ్గొడుతున్నావేం?"

"నాకేం తెలుసక్కా, ఇంకా ఎగ్గొట్టందే!"

కండక్టరమ్మ రిటైరయ్యేదాకా సిటీ బస్సులో టికెట్లు కొట్టింది. డాన్స్ ఎక్కడా నేర్చుకోలేదు. కదిలే బస్సులో ఏదీ పట్టుకోకుండా నిలబడడమే ఆవిడ విద్య, అదే నేర్పేది. పాట పెట్టి "బండి కదిలింది!" అంటే అందరూ వెనక్కి వాలాలి. "మలుపు!" అంటే పక్కకి. "బ్రేకు!" అంటే ముందుకి. "స్టాపు!" అంటే పక్కవాళ్లతో చోటు మారాలి. "ముందుకు జరగండి, లోపల బోలెడు ఖాళీ!" అని ఆవిడ అరుస్తుంటే మనుషులు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఊగేవాళ్లు. చూసేవాళ్లకి ఇది డాన్సేనా అని అనుమానం రావచ్చు. ఆడేవాళ్లకి ఎప్పుడూ రాలేదు.

వదిన అక్కడికి వచ్చింది అత్తగారి పోరు పడలేక. వీధిలో పిల్లా పెద్దా అందరూ ఆమెను వదిన అనే పిలిచేవాళ్లు. బైండింగ్ షాపులో పుస్తకాలు కుట్టే పని. భర్త లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి, ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే. రొమ్ములో గడ్డ అని తేలింది, ఆపరేషన్ అయింది, జుట్టంతా రాలగొట్టే మందులూ అయ్యాయి. ఎలాగో మనిషి దక్కింది. ఎడమ చెయ్యి మాత్రం నడుము దాటి పైకి లేచేది కాదు. పుస్తకం కుట్టేటప్పుడు దారాన్ని చేతి బారంతా లాగాలి. అది కుదరక ఆమె పొట్టి దారాలతో కుట్టి, అడుగడుక్కీ ముడులేసుకునేది. యజమాని పల్లెత్తు మాట అనలేదు, కానీ లావు పుస్తకాలన్నీ మెల్లగా పక్క బల్ల మీదికి పోయాయి. జబ్బు కంటే అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"పని నుంచి వచ్చి ఆ గోడనే చూస్తూ కూర్చుంటే ఎట్లాగే? గోడక్కూడా సిగ్గేస్తుంది," అంది అత్తగారు. ఆవిడ మోకాళ్ల నొప్పులతో కుర్చీ దిగని మనిషి. "నేనెలాగూ కదల్లేను. నా వాటా కూడా నువ్వే గెంతిరా, పో."

మొదటి రోజు వదిన తలకి గుడ్డ కట్టుకుని కిటికీ పక్కన, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడింది. అద్దంలో వచ్చే వారపు తను కనిపించింది. అదే కిటికీ పక్కన, ఎడమ చెయ్యి గుండెల దాకా ఎత్తి.

"అంటే వచ్చే వారం కూడా వస్తానన్నమాట," అంది నీరసంగా.

"రాక ఎక్కడికి పోతావు పిల్లా," అంది కండక్టరమ్మ. "నీకు ఒకటే పాఠం. బస్సులో పై రాడ్డు అందుకోవడం. నెమ్మదిగానే కానీ. మన బండికి తొందర్లేదు."

చెయ్యి వారం వారం కాస్త లేచింది. ముందే అద్దంలో కనిపించేది కాబట్టి లేస్తుందా లేదా అన్న బెంగ లేదు, లేపడమొక్కటే ఆమె పని. ఒక గురువారం అద్దంలో వదిన తల మీద గుడ్డ లేదు, వేలెడంత జుట్టుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మరుసటి వారం ఆమె గుడ్డ లేకుండానే వచ్చింది. "బ్రేకు!" అనగానే బేకరీ అక్కచెల్లెళ్లిద్దరి మీదా పడిపోయి, ఆస్పత్రి మొదలైన తర్వాత మొదటిసారి పగలబడి నవ్వింది. ఇంటికెళ్లి అన్నీ అత్తగారికి చేసి చూపించేది. ఆవిడ కూర్చున్నచోటే మలుపులు తిరిగేది.

సంవత్సరం పరీక్షకి ఒక సోమవారం రమ్మన్నారు. దానికి ముందు గురువారం అద్దంలో హాలు లేదు.

లేత ఆకుపచ్చ గోడ. దండెం మీద తువ్వాళ్లు. ఒక కుర్చీ, ఖాళీగా. ఇరుకు గదిలో వీళ్లందరూ కిక్కిరిసి, తలలు వంచుకుని మధ్యలో కిందికి చూస్తున్నారు. సెలూన్ బాబాయ్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఇదెవరిల్లు?" అన్నాడు బాబాయ్, కళ్లు తుడుచుకుంటున్న తనను తనే చూస్తూ.

"మాదే," అంది వదిన.

ఆ గుంపులో ఆమె లేదు. కుర్చీ దిగలేని అత్తగారు కుర్చీలో లేదు. వీధిలో వాళ్లందరూ ఒక ఇంట్లో తలలు వంచుకుని నిలబడేది దేనికో ఎవరూ చెప్పనక్కర్లేదు. కండక్టరమ్మ అద్దం మీద దుప్పటి కప్పేసింది. ఆ రోజు పాట పెట్టలేదు.

సోమవారం వదిన ఆస్పత్రికి వెళ్లలేదు.

"ఇంకెందుకు అత్తయ్యా? చూశాంగా."

"డాక్టరు కంటే ఆ అద్దానికి ఎక్కువ తెలుసా?"

"ఎప్పుడైనా తప్పు చూపించిందా?"

అత్తగారు మొత్తుకుంది. తిట్టింది, బతిమాలింది, చివరికి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వదిన దుప్పట్లు ఉతికింది, షాపులో సగంలో ఉన్న పుస్తకాలు కుట్టి అప్పజెప్పింది. ఆమెకి చావంటే అంత భయం వెయ్యలేదు. అది ఆస్పత్రిలోనే అలవాటైంది. కానీ ఇప్పుడిప్పుడే నవ్వడం మళ్లీ వచ్చింది, ఇంత మంది దొరికారు. వీళ్లను వదిలి పోవాలంటే మాత్రం మనసొప్పేది కాదు.

గురువారం సాయంత్రం మంచం మీద పడుకుని ఉండగా మెట్ల మీద చాలా అడుగులు వినిపించాయి. వచ్చేశారు, అనుకుంది. తలుపు తెరుచుకుంది. మనుషుల కంటే ముందు దుప్పటి చుట్టిన అద్దం అడ్డంగా లోపలికొచ్చింది. దాన్ని మోస్తున్న సెలూన్ బాబాయ్‌కి చెమటలు కారుతున్నాయి.

"ఇదెందుకు తెచ్చారు?" అంది వదిన లేచి కూర్చుని.

"వారమంతా తలకాయ బద్దలు కొట్టుకున్నా పిల్లా," అంది కండక్టరమ్మ ఆయాసపడుతూ. "ఈ పొద్దున తుడుస్తుంటే తట్టింది. అద్దంలో మీ ఇల్లు కనిపించాలంటే అద్దం మీ ఇంట్లో ఉండాలి. అవునా?"

"అవును..."

"చావింటికి ఎవరైనా ఇంత అద్దం మోసుకెళ్తారటే, మతిలేనిదానా! డాన్స్‌కే తెస్తారు!"

అప్పటికే బేకరీ అక్కచెల్లెళ్లు మంచాన్ని గోడకి జరిపేశారు. ఎవరో అద్దం మీద దుప్పటి లాగారు, ఎవరో పాట పెట్టారు. ఇంతలో అత్తగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"లేపండర్రా నన్ను. నా వాటా నేనే గెంతుతా."

అక్కచెల్లెళ్లు చెరో చంకా పట్టుకుని లేపారు. వదిన కింద కూర్చుని, అత్తగారి పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటి జరిపింది. "మలుపు" అన్నారు. పాదం జరిగింది. "బ్రేకు" అన్నారు. ఆవిడ "అమ్మో నా మోకాలు, డ్రైవరుకి కళ్లు లేవా!" అని అరిచింది. అత్తాకోడళ్లిద్దరూ అద్దానికి కనపడనంతగా అందరూ చుట్టూ మూగి, తలలు వంచి ఆ పాదాలనే చూస్తున్నారు. సెలూన్ బాబాయ్ నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తుడుచుకోవడం చూసి వదినకి అర్థమైంది. కన్నీళ్లు ధారగా కారుతుంటే, కింద కూర్చునే, అందరి కాళ్ల సందుల్లోంచి అద్దంలోకి చూసింది.

అందులో మళ్లీ ఐసు ఫ్యాక్టరీ పైన హాలు. కిటికీ పక్కన తను. ఎడమ చెయ్యి చెవిని ఆనుకుని నిటారుగా పైకి లేచి ఉంది. కుడి మోచేతి మడతలో, రక్తం తీసినచోట అంటించే చిన్న దూది ముక్క.

"అయితే ఆస్పత్రికి వెళ్తున్నానన్నమాట," అంది.

"నేనున్నానా అందులో?" అంది అత్తగారు.

ఉంది, ముందు వరసలో.

"అన్ని మెట్లు ఎట్లా ఎక్కుతానే తల్లీ?"

"దీన్ని దింపాం, మోసుకొచ్చాం, మళ్లీ ఎక్కించబోతున్నాం," అన్నాడు బాబాయ్ అద్దాన్ని దిగులుగా చూస్తూ. "నువ్వో లెక్కా పెద్దమ్మా?"

వదిన ఫోన్ చేస్తే ఆస్పత్రివాళ్లు గురువారం పొద్దున రమ్మన్నారు. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు.

స్కాన్‌లో చిన్న గింజంత గడ్డ కనిపించింది. మాత్రలతో అణిగిపోతుందని, సరైన వేళకి వచ్చారని, ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే వేరే మాట చెప్పాల్సి వచ్చేదని డాక్టరు చెప్పింది. వదిన మాత్రల సంచీ కుడి చేత్తో పట్టుకుని బస్సెక్కింది. సాయంత్రం రద్దీ. కూర్చోడానికి చోటు లేదు, పట్టుకోడానికి భుజాల ఎత్తులో ఏమీ లేదు. డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. జనమంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. వదిన ముందుకి వాలి, మళ్లీ నిటారుగా నిలబడింది. అప్పుడు చూసుకుంది, తన ఎడమ చెయ్యి పై రాడ్డు పట్టుకుని ఉంది.

"ముందుకు జరగండమ్మా, లోపల బోలెడు ఖాళీ!" అని కండక్టరు అరిచాడు.

వదిన నవ్వుకుంటూ ముందుకు జరిగింది.