ఎలుకల సంగతి

"మళ్ళీ ఒకసారి మేడమ్. చివర్లో గొంతు పడిపోయింది."

ఇది మూడోసారి. అద్దానికి అవతల ప్రొడ్యూసర్ అరచెయ్యి పైకెత్తి, పైకి, ఇంకా పైకి అన్నట్టు చూపించాడు. ఇవతల మైకమ్మ తల ఊపి నాలుగు గుక్కల నీళ్ళు తాగింది. పొద్దున్నుంచి ఆమె కడుపులో పడ్డవి ఆ నీళ్ళే. ఆస్పత్రి నుంచి సరాసరి స్టూడియోకి వచ్చింది. మొన్న ఆమె అక్కకు కుడికాలి వేళ్ళు రెండు తీసేశారు. పుండు ఇంకా పైకి పాకితే మోకాలి కింది దాకా తీసెయ్యాలని, ఏ సంగతీ రేపు చెబుతామని డాక్టరు అన్నాడు.

మైకమ్మ అసలు పేరు ఆ టీవీ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. తెర మీద ఎప్పుడూ కనిపించదు. ఆరోగ్య వార్తలకు వెనక నుంచి వినిపించే గొంతు ఆమెది. నెలజీతం లేదు. చదివిన వార్తకు ఇంత అని లెక్క. రాని రోజు ఏమీ లేదు. అందుకే అక్కను పక్క మంచం వాళ్ళకు అప్పజెప్పి మరీ వచ్చింది.

చదవడానికి ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. వాక్యం చివర గొంతు దిగకూడదు. దిగిందా, చూసేవాడు ఛానెల్ మార్చేస్తాడట. మరి 'కావచ్చు', 'అనిపిస్తోంది', 'ఇంకా తేలలేదు' లాంటివి చివర ఉంటే ఎంత లాగినా గొంతు దిగి తీరుతుంది. దానికి వాళ్ళు సులువైన మార్గం కనిపెట్టారు. ఆ మాటల్నే కొట్టేస్తారు. 'తగ్గవచ్చు' అన్నది 'తగ్గుతుంది' అయిపోతుంది. పరిశోధన చేసినవాడు ఏళ్ళ తరబడి తల బద్దలుకొట్టుకుని, భయపడుతూ పెట్టుకున్న 'బహుశా' ఇక్కడ ఎర్రపెన్ను కింద అరక్షణంలో పోతుంది. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. అసలు చిక్కంతా అదే.

మూడు నెలల కిందట అలాగే ఒక వార్త వచ్చింది. ఏవో గింజల పొడి. నలభై ఎలుకలకు ఆరు వారాలు పెడితే రక్తంలో చక్కెర కొంత తగ్గిందనీ, మనుషుల మీద ఇంకా పరీక్షించలేదనీ కాగితంలో ఉంది.

"భోంచేసే టైములో ఎలుకలేంటి మేడమ్, తీసేద్దాం" అన్నాడు ప్రొడ్యూసర్.

"పాపం, అన్ని సూదిపోట్లు తిన్నాయి. పేరైనా ఉండనివ్వరా?" అంది మైకమ్మ.

గదిలో అందరూ నవ్వారు. ఆమే ముందు నవ్వింది. తర్వాత ఎలుకలు లేకుండానే చదివింది. 'షుగర్ మాత్రలకు ఇక సెలవు. రోజుకో చెంచా పొడి చాలు.' బాగా చదివింది. ఒక్కసారికే సరిపోయింది.

అక్క బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ చేస్తుంది. రోజుకు పది గంటలు నిలబడి చేసే పని. ఎనిమిదేళ్ళుగా షుగరు. పాదాల్లో స్పర్శ ఎప్పుడో తగ్గిపోయింది. ఆ వార్తను ఆమె ఫ్యాక్టరీ భోజనాల గదిలో విన్నది. నెల మాత్రల ఖరీదుకు మూడు నెలల పొడి వస్తుంది. మర్నాటి నుంచే మాత్రలు మానేసింది. తర్వాత ఒకరోజు చెప్పు కరిచి బొబ్బ లేచింది. నొప్పి లేదు కాబట్టి చూసుకోలేదు. వాసన వచ్చాక చూసుకుంది.

"మాత్రలెందుకు మానేశావమ్మా?" అని డాక్టరు అడిగినప్పుడు మైకమ్మ మంచం పక్కనే ఉంది.

"టీవీలో చెప్పారండి" అంది అక్క.

"టీవీలో ఎవరు?"

అక్క మొహం గోడకేసి తిప్పుకుంది. "ఎవరో అమ్మాయండి. గుర్తులేదు."

డాక్టరు ఏదో రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక మైకమ్మ మంచం అంచున కూర్చుంది.

"నా గొంతని పోల్చావా అక్కా?"

"బాగానే ఉంది అడగడం. నీకు మాటలు నేర్పిందే నేను, పోల్చనా? ఇంకెవరైనా చెప్పుంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించేదాన్నే. మా చెల్లి ఉన్నదున్నట్టు చెబుతుందనుకున్నా."

మైకమ్మకు ఏడుపు రావాలి. రాలేదు. సిగ్గు కూడా సరిగ్గా అనిపించలేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయి ఉంది.

"నాదెలాగూ అయిపోయింది. మా ఇస్త్రీ బల్లల దగ్గర ఇంకో నలుగురు మానేశారే. మా చెల్లే చెప్పిందని అందరికీ టాంటాం వేసింది నేనే. ఆ పెద్దావిడ ఉంది చూడు, ఆవిడకి నాకంటే ఎక్కువ షుగరు. వాళ్ళకి చెప్పవే. ఇట్లా కాదు, టీవీలోనే చెప్పు" అంది అక్క.

ఇవాళ మైకమ్మ చేతిలో ఉన్న కాగితం కూడా ఆ పొడి గురించిందే. మొదటి వార్తను జనం ఎగబడి చూశారు. పొడి అమ్మే కంపెనీ ఆరోగ్య వార్తల మధ్యలో ప్రకటనలు కొనుక్కుంది. ఇప్పుడు ఆ పొడి కిడ్నీలను కూడా కాపాడుతుందట. చివరి వాక్యం, 'మాత్రల అవసరమే లేదు.' మూడుసార్లూ గొంతు అక్కడే పడింది. ఆమె కావాలని పడేసింది కాదు.

"బాబూ, ఇదీ ఎలుకల మీద చేసిందేగా. ఆ మాట పెడదాం. పోయినసారి చెప్పింది తప్పని కూడా రెండు ముక్కలు చెబుదాం" అంది మైకమ్మ.

ప్రొడ్యూసర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. "మీ అక్కగారి సంగతి విన్నాను మేడమ్. చాలా బాధేసింది. మా నాన్నక్కూడా షుగరే."

"ఆయన ఈ పొడి వాడుతున్నారా?"

"లేదు మేడమ్, ఆయన డాక్టరు చెప్పిందే వాడతారు" అనేసి నాలుక కరుచుకున్నాడు. కాగితాలు సర్దుకున్నాడు. "తప్పు చెప్పామని మనమే అంటే రేపట్నించి ఎవరు నమ్ముతారు? పన్నెండున్నరకి ఇది వెళ్ళాలి. లైటు వేస్తున్నా, కానివ్వండి."

ఎర్రలైటు వెలిగింది. మైకమ్మ కాగితం బోర్లించి చదివింది. "ఈ పరిశోధన ఎలుకల మీద మాత్రమే జరిగింది. మనుషులకు పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు. మాత్రలు మానకండి." గొంతు దిగింది. దిగనిచ్చింది.

"అది కాగితంలో లేదు మేడమ్."

"పోయినసారి కాగితంలో ఉండింది."

"మేడమ్, ప్లీజ్."

"నేనింక ఇలాగే చదువుతాను బాబూ."

అతను తిట్టలేదు, అరవలేదు. ఫోనెత్తి రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయిని పైకి రమ్మన్నాడు. మైకమ్మ చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చింది. మెట్ల మీద ఆ అమ్మాయి ఎదురైంది. గొంతు సవరించుకుంటూ, నవ్వుతూ తప్పుకుని దారి ఇచ్చింది.

రెండు బస్సులు మారి ఫ్యాక్టరీ దగ్గర దిగేసరికి భోజనాల టైము అయిపోవస్తోంది. ఇస్త్రీ బల్లల వాళ్ళెవరని అడిగితే, గేటు పక్క నీడలో కూర్చున్న ఆ నలుగురినీ కాపలావాడు చూపించాడు. తను ఎవరో చెప్పింది. అక్క వేళ్ళ సంగతి చెప్పింది. పొడి ఎలుకలకే పెట్టి చూశారని, ఆ మాట తనే మింగేసిందని, ఇవాళే మళ్ళీ మాత్రలు మొదలుపెట్టండని చెప్పింది. ఒక్కటీ దాచలేదు.

నలుగురూ ఆమె మొహంకేసి కాదు, గొంతుకేసి చూశారు.

"అచ్చం టీవీలో గొంతే" అంది ఒకామె.

"ఆవేళ మానెయ్యమందీ నువ్వే, ఇవాళ వేసుకోమనేదీ నువ్వే. మేమేం కావాలి చెల్లెమ్మా?" అంది ఇంకొకామె.

"ఇందాక అన్నం తింటుంటే మళ్ళీ వేశారు కదా. కిడ్నీలక్కూడా మంచిదంట. ఎవరో కొత్తమ్మాయి. ఎంత గట్టిగా చెప్పిందో" అంది మూడో ఆమె.

"ఆ అమ్మాయికేం తెలీదు. కాగితంలో ఉన్నది చదివింది, అంతే" అంది మైకమ్మ.

"మరి నువ్వు?"

మైకమ్మ తల దించుకుంది.

పెద్దావిడకు జాలేసినట్టుంది. "నువ్వట్లా దిగులుపడకే తల్లీ. మీ అక్క ఒంటికి పడలేదేమో. నాకు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది, చూడు" అంటూ కుడికాలి చెప్పు విప్పి పాదం ముందుకు చాపింది. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత మేర నల్లగా ఉంది. చుట్టూ తోలు తడిగా ఊడుతోంది. "ఇది లేచి పదిరోజులు. పొడి పుణ్యమా అని చుక్క నొప్పి లేదు."

మైకమ్మ మట్టిలో కూలబడి ఆ మడమను రెండు చేతులతో పట్టుకుంది. పాదం చల్లగా ఉంది.

లోపల బెల్లు మోగింది. మిగతా ముగ్గురూ చీరలు దులుపుకుని లేచారు.

"వదులమ్మా, బెల్లయింది" అంది పెద్దావిడ.

"ఆస్పత్రికి పోదాం. మా అక్క ఉన్న చోటికే. ఇప్పుడే."

"బాగుంది వరస. ఈ పూట పోతే సగం కూలి కోస్తారు. సాయంత్రం చూద్దాంలే, వదులు."

"వదలను."

పెద్దావిడ కాలు లాక్కోబోయింది. మైకమ్మ పట్టు సడలించలేదు. కాపలావాడు గేటు మీద చెయ్యి వేసి ఇద్దరికేసీ చూస్తూ నిలబడ్డాడు.

"గేటు మూసేస్తాడే తల్లీ" అంది పెద్దావిడ.

"మూయనీ."