అడుగు చేప కొవ్వు

అమెరికాలోని మోరిస్‌విల్ తెలుగు చర్చిలో దానధర్మాలకు కూడా ఒక డాష్‌బోర్డు ఉంది. సంఘంలో ముప్పాతిక మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఎక్కడో పిల్లలకు ఆకలిగా ఉందని నోటితో చెబితే వాళ్లకు ఆనదు, అది తెర మీద ఎర్రగానో పచ్చగానో కనిపించాలి. ఎర్రగా ఉంటే సాయం వెళ్తుంది, పచ్చగా ఉంటే ఆగుతుంది. దేవుడు కూడా ఇంత సులువుగా తీర్పు చెప్పడని లూసీకి అప్పుడప్పుడు అనిపించేది. కానీ ఆ డాష్‌బోర్డు కట్టింది లూసీయే. వారమంతా ఫార్మా కంపెనీకి డేటా అనలిస్టు, ఆదివారం దేవుడికి అనలిస్టు.

ఈ సంఘం ఏటా వంటనూనె పంపే చోటు ఒకటుంది. ఆఫ్రికా పడమటి ఒడ్డున ఒక చిన్న దేశం, సముద్రం పక్కనే మిషన్ ఆస్పత్రి, అందులో నర్సు కృపామణి. ఆమెదీ లూసీదీ నిజాంపట్నం దగ్గర ఒకే పల్లె, ఒకే హాస్టలు. చిక్కి శల్యమైన పిల్లలకూ బాలింతలకూ గంజిలో నూనె కలిపి పోస్తుంది కృపామణి. కొవ్వు లేని గంజి కుండలకొద్దీ పోసినా ఆ పిల్లలు కోలుకోరు. ఆ నూనె మోరిస్‌విల్ నుంచి వెళ్లాలి, లేకపోతే ఇంకెక్కడి నుంచీ రాదు.

అక్టోబరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. సంఘ పెద్ద దైవాశీర్వాదం గారు బిర్యానీ ప్లేటు పక్కకు జరిపి తెర వైపు చూశారు. కృపామణి ఉన్న తీరమంతా పచ్చగా ఉంది.

“ఇదేంటమ్మా లూసీ, కోస్ట్ గ్రీన్‌కి వచ్చేసింది?”

“ఫ్యాట్ సప్లై పెరిగింది అంకుల్. సముద్రం అడుగున తిరిగే చేపల నుంచి. లాస్ట్ ఇయర్ కంటే డబుల్ చూపిస్తోంది.”

రెట్టింపు మాట అబద్ధం కాదు. ఆవగింజ రెట్టింపయితే రెండు ఆవగింజలే, డాష్‌బోర్డుకు మాత్రం అది నూరు శాతం.

“అయితే ఆయిల్ లోపలి జిల్లాలకి డైవర్ట్ చేద్దాం అంకుల్,” అన్నాడు వినీత్. కమిటీలో అందరికంటే చిన్నవాడు, కుదురైన పిల్లవాడే. “అవి ఇంకా రెడ్‌లోనే ఉన్నాయి. ఓషన్ పక్కన ఉన్నవాళ్లకి ఫిష్ ఉంటుందిగా.”

సముద్రం పక్కన ఉన్నవాళ్లకు ఏముంటుందో లూసీకి తెలుసు. వాళ్లమ్మ రేవులో కంపెనీ షెడ్డు కింద చేపలు ఏరిన కూలిమనిషి. అడుగు చేపకు కొవ్వంతా కార్జంలోనే ఉంటుంది. టేకు చేప గానీ సొర గానీ కోయగానే కార్జాలు కంపెనీ డ్రమ్ముల్లో పడేవి, కండ ఐసుపెట్టెల్లోకి వెళ్లేది, ఏరినవాళ్లు తలకాయలు కొంగున మూటకట్టి తెచ్చుకునేవాళ్లు. సర్కారు వాళ్లు మాత్రం రేవులో దిగిన చేపంతా జనమే తిన్నట్టు రాసుకుపోయేవాళ్లు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఆ రేవులోనే లూసీ తమ్ముడు నాలుగేళ్లకే ఒళ్లంతా నీరు పట్టి పోయాడు.

ఈ పచ్చ లెక్కా అలాంటిదేనని చెప్పాలంటే అమ్మ సంగతి చెప్పాలి. సంఘంలో అందరికీ లూసీ రేపల్లె టీచరు గారి అమ్మాయి. ఆ టీచరు నిజానికి మేనమామ. పెళ్లినాడు అత్తింటివాళ్లు మొదలుపెట్టిన ఆ మాట అమెరికా దాకా వచ్చి స్థిరపడిపోయింది. ప్రభువు బల్ల దగ్గర అందరూ ఒకటేగానీ, సంబంధాల దగ్గరకొచ్చేసరికి ఎవరి మనుషులని ఆరా తీయనివాడు లేడు. ఇంట్లో కూతురు క్రిస్టినా పెళ్లీడుకు వస్తోంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. లూసీ భర్త వైపు చూసింది. వద్దన్నట్టు వినయ్ కుమార్ తల సన్నగా ఊపాడు.

దైవాశీర్వాదం గారు వెంటనే సరేననలేదు. “చేపలున్నంత మాత్రాన…” అని ఆగి, లూసీ ముఖంలోకి చూశారు. “నువ్వేమంటావమ్మా? ఇవన్నీ తెలిసినదానివి.”

“డేటా అలాగే ఉంది అంకుల్.”

ఆ మాటతో తీరానికి నూనె ఆగిపోయింది. సాయంత్రం లూసీ కృపామణికి ఫోన్ చేసి చెప్పింది.

“లెక్క నువ్వే చూశావా?” అని అడిగింది కృపామణి.

“నేనే చూశాను.”

“నువ్వు చూశావంటే ఇంక సరేలే. నీకు తెలీంది ఏవుంది.”

తిట్టినా బాగుండేది. లూసీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది, తలనొప్పి అని చెప్పింది.

ఫిబ్రవరిలో కృపామణి ఫోన్ చేసినప్పుడు లూసీ ఆఫీస్ పార్కింగ్‌లో కారు దిగుతోంది.

“వార్డు నిండిపోయిందే. కాళ్లు ఉబ్బిపోయి వస్తన్నారు పిల్లలు, మీ తమ్ముడికి ఉబ్బినట్టే. ఉత్త గంజి పోస్తన్నాం. పొద్దున అమినాత అని రెండేళ్ల పిల్ల పోయింది. వాళ్లమ్మ ఇక్కడ కంపెనీలో చేపలు ఏరుద్ది.”

లూసీ మళ్లీ కార్‌లో కూర్చుంది. ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఇన్నాళ్లూ అమ్మను చూసి పడ్డ సిగ్గు కాదు, తనను చూసి తను పడ్డది.

వచ్చిన ఆదివారం కమిటీ ముందు నిలబడి అంతా చెప్పేసింది. రేవు, షెడ్డు, డ్రమ్ములు, తమ్ముడు, టీచరు గారు తండ్రి కాడన్న ముక్క, ఏదీ మిగల్చలేదు. వినయ్ కుమార్ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. గదిలో అందరూ మొహం మాడ్చుకుంటారనుకుంది లూసీ. ఎవరూ ఏమీ అనుకోలేదు.

“ఇందులో దాచడానికేముంది ఆంటీ?” అన్నాడు వినీత్, నిజంగా అర్థంకాక.

దైవాశీర్వాదం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన గొంతు ఎప్పుడూ అంత చిన్నగా లేదు.

“మా అమ్మ చీరాల సంతలో ఎండుచేపలు అమ్మిందమ్మా. రేవులో దిగింది రేవోళ్ల నోటికి రాదని నాకూ తెలుసు. ఆ రోజు నోటిదాకా వచ్చింది. టీచరు గారి అమ్మాయి, ఇంత చదువుకుంది, లెక్క తేల్చి చెబుతోంది. ఆ పిల్ల ముందు చేపలమ్మినదాని కొడుకు ఏం వాదిస్తాడులే అని ఊరుకున్నాను.”

రేపే ఓడకెక్కించినా నూనె చేరేసరికి ఏప్రిల్ అవుతుందని వినీత్ ల్యాప్‌టాప్‌లో చూసి చెప్పాడు. లూసీ డాష్‌బోర్డు తెరిచి తీరాన్ని ఎర్రగా మార్చింది.