చుక్కమ్మ ఇంటి లెక్క

సీసా పగిలి, షెడ్డులో అందరూ పొడుగు వదిన అని పిలిచే ఆమె అరచెయ్యి తెగింది. రక్తం సీసాలు కడిగే సోడానీళ్ల తొట్టిలో కలిసింది. సూపర్‌వైజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముందు తొట్టిలోకి చూశాడు, తర్వాత పగిలిన సీసా చూశాడు, చెయ్యి వైపు మాత్రం చూడలేదు. ఆ పూట కూలీలోంచి సీసా ఖరీదు కోశారు. నీళ్లు మార్చినందుకు ఇంకొంత కోశారు. చెయ్యీ తెగింది, కూలీ తెగింది. షెడ్డు నిండా ఆడవాళ్లున్నారు. అందరూ కళ్లారా చూశారు, ఒక్కరూ నోరెత్తలేదు.

ఆ నోరెత్తనివాళ్లలో చుక్కమ్మ ఒకతె. ఆమే వదిన చేతికి కట్టు కట్టింది. కొంగు చింపి కట్టిందనుకునేరు, కాదు, మూలన పడున్న పాత పేలిక వెతికి ఉతికి కట్టింది. చీర చింపుకునే మనిషైతే ఆమెకు ఆ పేరెందుకొస్తుంది? బాణలిలో నూనె చుక్కలు లెక్కపెట్టి వేస్తుందని కూలీల వరస ఇళ్లవాళ్లు పెట్టిన పేరది. పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకుని అగ్గిపుల్ల మిగుల్చుకునేది. పాత బట్టలకు మాసిక మీద మాసిక వేసేది. ఎవరెంత నవ్వినా ఆమెకు చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు.

ఎందుకుంటుంది? ఆమె చూపంతా కంపెనీ గేటు దాటడం మీదే. మూట మీదపడి భర్త నడుం విరిగినప్పుడు ఆసుపత్రి ఖర్చుకు కంపెనీలో అడ్వాన్సు తీసుకుంది. అడ్వాన్సు తీరేదాకా ఇంకోచోట పనికి పోవడానికి లేదు. ఇల్లు కంపెనీదే, సరుకుల కొట్టూ కంపెనీదే. ఇచ్చిన చేత్తోనే వాళ్లు మళ్లీ లాక్కునేవారు. అడ్వాన్సు తీర్చి బయటపడ్డ మనిషిని ఆ వరస ఇళ్లలో ఎవరూ ఎరగరు. చుక్కమ్మకు మాత్రం ఇక ఒక్క వాయిదా మిగిలింది. అది కట్టేస్తే భర్తను, అత్తను, కూతుర్ని తీసుకుని ఈ సోడా కంపు లేని చోటికి పోతుంది.

ఆ సాయంత్రం కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని పొడుగు వదిన అడిగింది, అందరం కలిసి మేనేజరు దగ్గరికి వెళ్దామని. చుక్కమ్మ తల అడ్డంగా ఊపింది.

“కడుపు కట్టుకుంటే బయటపడతాం వదినా. గొడవలెందుకు?”

“నీ కడుపు కట్టుకుంటే నువ్వు పోతావే. మేమో?”

చుక్కమ్మ కట్టు ముడి ఇంకోసారి బిగించి లేచింది.

ఆ నెలలోనే కొత్త మేనేజరు షెడ్డులో పొదుపు క్లాసు పెట్టించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి, మీకు కూలీ చాలక కాదు, ఖర్చుపెట్టడం చేతకాక అప్పులపాలవుతున్నారని గంటసేపు చెప్పాడు. చెప్పులు కొనుక్కోలేక వట్టి కాళ్లతో సోడానీళ్లలో నిలబడ్డవాళ్లకు దుబారా తగ్గించమని చెప్పడానికి ఎంత గుండె కావాలి! ఎవరి ఇల్లు పొదుపులో ముందుంటుందో ఆ ఇల్లాలికి బహుమతి అన్నాడు. అన్ని వేళ్లూ చుక్కమ్మనే చూపించాయి.

మర్నాడు మేనేజరే స్వయంగా ఆమె ఇంటికి వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పాడు. మంచం మీదున్న భర్తను పలకరించాడు, ముసలావిడకు దండం పెట్టాడు. డబ్బాల మూతలు తీసి చూశాడు. పప్పు ఎన్నాళ్లకు తెస్తారు, పాలు ఎవరు తాగుతారు, కూర ఎన్ని పూటలు వండుతారు అని మెల్లమెల్లగా అడిగాడు. పక్కనున్నవాడు రాసుకున్నాడు. ఇన్నేళ్లకు ఒక పెద్దమనిషి తన కష్టం మెచ్చుకున్నాడని చుక్కమ్మ పొంగిపోయింది. అడిగినవీ చెప్పింది, అడగనివీ చెప్పింది. పొయ్యి దగ్గర నిలబెట్టి ఫొటో తీశారు. వాళ్లు వెళ్లాక అత్త గుమ్మం వైపు చూసింది. పొగిడేవాడు ఊరికే పొగడడమ్మాయ్ అంది. ఆ మాట కోడలి చెవికెక్కలేదు.

వారం తిరక్కుండానే గేటు పక్కన బోర్డు లేచింది. బోర్డు నిండా చుక్కమ్మ ఫొటో. ఇంత కూలీతో నలుగురిని పోషిస్తూ అప్పు కూడా తీరుస్తోంది, మీరెందుకు తీర్చలేరని కింద రాసి ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు సంగతి: వచ్చే సోమవారం నుంచి పెట్టె సీసాలు కడిగినందుకిచ్చే కూలీలో పావు వంతు తగ్గింపు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ముక్క గట్టిగా పట్టుకోండి. యజమాని మనం ఎంత పని చేశామో చూసి కూలీ ఇవ్వడు. ఎంత తక్కువతో చావకుండా బతకగలమో చూసి ఇస్తాడు. ఆ లెక్క ఆయనకు ఇన్నాళ్లూ దొరకలేదు. చుక్కమ్మ తన ఇంట్లో కూర్చోబెట్టి చెప్పింది.

ఆ రోజు షెడ్డులో ఎవరూ ఆమె పక్క తొట్టి దగ్గర నిలబడలేదు. కొళాయి దగ్గర ఆమె బిందెను కాలితో తోసేశారు. పాపం, మెత్తనిదాన్ని చూస్తే మొత్తబుద్ధి అంటారే, అది పైవాళ్లకే కాదు, మనకూ ఉంటుంది. మూడు పూటలు తిన్నా తప్పు నాదేనా, అరపూట తిన్నా తప్పు నాదేనా అని ఆమె ఇంటికొచ్చి ఏడ్చింది.

అప్పుడు ముసలావిడ లేచింది. కోడలి చెయ్యి పట్టుకుని, తూలుతూ, కొళాయి దగ్గరికి తీసుకొచ్చింది. అక్కడ ఆడవాళ్లంతా గుంపుగా నిలబడి వాదించుకుంటున్నారు. పని ఆపేద్దామని కొందరు, ఆపితే కొట్టులో సరుకులివ్వరు, ఏం తింటామని కొందరు. సందు మొదట్లో కంపెనీ కాపలావాళ్లు కర్రలు పట్టుకుని చూస్తున్నారు.

“దీన్నెందుకర్రా తిడతారు?” అంది ముసలావిడ. “ఇది చెప్పింది సగం లెక్కే. మిగతా సగం దీనికే తెలీదు. నేను చెప్తా. ఆర్నెల్లుగా నా రక్తపోటు మాత్ర రోజు మార్చి రోజు మింగుతున్నా. అప్పు తొందరగా తీరుతుందని. పిల్ల పాలు తాగానని చెప్పి వాళ్ల నాన్నకు పోస్తోంది. ఇదీ మా పొదుపు.”

చుక్కమ్మ అత్త ముఖంలోకి చూసింది. తాను మిగిల్చాననుకున్న ప్రతి పైసా అత్త ఒంట్లోంచి, బిడ్డ ఒంట్లోంచి వచ్చింది. గర్వంగా ఆ మేనేజరుకు చెప్పుకున్నది దీన్నా? చుట్టూ ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్ల ఇళ్లలోనూ ఎవరి మాత్రలు ఎవరు మానేశారో ఎవరికి తెలుసు?

పొడుగు వదిన ముందుకొచ్చి పక్కకు దొర్లిన బిందె తీసి చుక్కమ్మ చంకలో పెట్టింది. ఆ సోమవారం ఒక్క తొట్టి దగ్గరా మనిషి నిలబడలేదు.

కొట్టు మూసేశారు. కొళాయి కట్టేశారు. రెండు రోజులకే పిల్లల ముఖాలు పీక్కుపోయాయి. మూడో నాడు పొద్దున్న మేనేజరు చుక్కమ్మను తన గదిలోకి పిలిపించి, కుర్చీ వేయించాడు. చివరి వాయిదా ఇప్పుడే కట్టించుకుంటానన్నాడు. అప్పు తీరినట్టు చెల్లు చీటీ సంతకంతో సహా బల్ల మీద పెట్టాడు. పోతూ పోతూ గేటు దగ్గర అందరితో ఒక్క మాట చెప్పి పొమ్మన్నాడు, ఈ కూలీతో బతకొచ్చని.

“నువ్వు తెలివైనదానివమ్మా. వాళ్లతో నీకేం పని?” అన్నాడు. కిటికీలోంచి పోలీసు వ్యాను కనిపిస్తోంది. ఆయన దాన్ని చూపించలేదు, కిటికీ రెక్క మాత్రం ఇంకొంచెం తెరిచాడు.

డబ్బు ఆమె బొడ్లోనే ఉంది. చెయ్యి బొడ్లోకి వెళ్లింది కూడా. అబద్ధం ఎందుకు, ఆ చీటీ వైపు ఆమె ప్రాణం లాగింది. మంచం మీది భర్త, పిల్ల, వేరే ఊరు, వేరే గాలి, అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. కానీ ఈ గేటు తాను దాటితే రేపు ఇంకో ఇంటి డబ్బాల మూతలు తీస్తారు. చుక్కమ్మ లేచింది.

“ఆ కూలీతో మేం బతకలేదు సార్. ఒకళ్లనొకళ్లం తిన్నాం,” అని బయటికి వచ్చేసింది.

గేటు అవతల అందరూ చూస్తుండగా ఆ చివరి వాయిదా డబ్బంతా పొడుగు వదిన చేతిలో పోసింది. పట్నం బజారులో బియ్యం, పప్పు తెమ్మంది, నూనె మాత్రం పెద్ద డబ్బా తెమ్మంది. మధ్యాహ్నానికి వరస ఇళ్ల మధ్య మూడు రాళ్లు పెట్టి ఒకే పొయ్యి వెలిగించారు. ఇక ఈ నెల ఏ ఇంటి నుంచీ అడ్వాన్సు వాయిదా కట్టేది లేదని ఆ పొయ్యి చుట్టూనే అనుకున్నారు.

వడ్డన మొదలయ్యేసరికి వ్యాను సందులోకి వచ్చింది. అప్పు ఎగ్గొట్టి జనాన్ని రెచ్చగొట్టిన ఆడమనిషి ఎవరని పోలీసాయన అడిగాడు. చుక్కమ్మ విస్తరి ముందునుంచి లేవబోయింది. పొడుగు వదిన కట్టు కట్టిన చేత్తో ఆమె భుజం మీద నొక్కి కూర్చోబెట్టింది.

“అన్నం తింటోంది. కూర్చోండి,” అంది పోలీసాయనతో.

ఆడవాళ్లు తమ విస్తళ్లు ఎత్తుకొచ్చి, చుక్కమ్మ చుట్టూ వరస మీద వరసగా కూర్చున్నారు. వ్యాను ఇంజను ఆగలేదు. కర్రలు పట్టుకున్న పోలీసులు అందులోంచి ఒక్కొక్కరే కిందికి దిగుతున్నారు. చుక్కమ్మ ఇంకో ముద్ద కలిపింది. ఎవరూ తొందరపడలేదు, నెమ్మదిగా, నమిలి నమిలి తిన్నారు.