అందినది

లీకు గుంతలో కాంక్రీటు పోసేటప్పుడు లోపల చౌడమ్మ చెంబు ఉంది.

గౌతమి కళ్లారా చూసింది. కాలేజీ బస్సుకు పోతూ సంచి భుజాన వేసుకుని అక్కడే నిలబడిపోయింది. చౌడమ్మకు అరవై దాటాయి, గుంతలోకి దిగడానికీ ఎక్కడానికీ మోకాళ్లు సహకరించవు. ఆమె గట్టున కూర్చుని మేస్త్రీని బతిమాలుతోంది.

"సెంబు తీసుకోనీ నాయనా. మా యమ్మ ఇచ్చిన సెంబు అది."

"అర్జీ పెట్టుకో అవ్వా," అన్నాడు మేస్త్రీ. పక్కనున్న కూలీలు నవ్వబోయి, ఆమె ముఖం చూసి తలలు దించుకున్నారు. కాంక్రీటు చెంబు మెడదాకా వచ్చి ఆగింది. పైన అంచు మాత్రం నోరు తెరిచినట్టు మిగిలింది.

రాయదుర్గం పోయే దారిలో ఉండే రాళ్లకుంట చిన్న పట్నం. ఆ పట్నం కొసన, నాగలికి లొంగని బండ మీద, అరవై రెండు ఇళ్ల కూలీల కాలనీ ఉంది. కాలనీకి పైపు వేసి ఆరేళ్లయింది. ఆ పైపులో నీళ్లు పారింది లేదు, తొండలు కాపురం పెట్టాయి. నాలుగు రోజులకొకసారి వచ్చే ట్యాంకరే దిక్కు. ఊరి నీళ్ల పనులన్నీ కాంట్రాక్టుకు తీసుకున్న విజయభాస్కర్ ఊరి బయట ప్లాట్లు కూడా వేశాడు. పెద్ద ట్యాంకు నుంచి బయలుదేరిన నీళ్లు కాలనీని పలకరించకుండా దాటిపోయి, ఆ ప్లాట్లలో ఎవరూ కూర్చోని పచ్చగడ్డి మీద పడతాయి. దారిలో ఒక్కచోట పైపు జాయింటు కారేది. అదే లీకు గుంత. అక్కడ ఒక బిందె నిండేలోగా పొయ్యి మీద సంగటి ఉడికేది. పోయిన వారం ట్యాంకరు రావడం మానేసింది. ఇప్పుడు గుంత కూడా పూడింది.

ట్యాంకరు ఎందుకు మానేసిందో కాలనీలో ఎవరికీ తెలియదు. ఆ పొద్దు గౌతమికీ తెలియదు. కానీ చెంబు అంచు చూస్తూ బస్సు సంగతే మరిచిపోయింది. తనకేదో తెలిసి ఉండాలని, అది తనకే గుర్తు రావడం లేదని అనిపించింది.

* * *

కాలనీ మొత్తం పట్నంలోని నీళ్ల ఆఫీసుకు పోయిన రోజున అది గుర్తొచ్చింది.

ముందు నడిచింది వ్యవసాయ కూలీల సంఘం నాగలక్ష్మమ్మ. పదేళ్లుగా చేలలో కూలి రేట్ల కోసం కొట్లాడి కొట్లాడి గొంతు బొంగురుపోయిన మనిషి. ట్యాంకరు ఎందుకు ఆపినారో చెప్పాలని ఆమె ఇంజనీరును నిలదీసింది. ఇంజనీరు కోపపడలేదు. అర్జీల రిజిస్టరు తెప్పించి అందరికీ కనబడేలా తిప్పి పెట్టాడు. అరవై రెండు పేర్లు. ప్రతి పేరుకూ చివరి గడిలో ఒకటే మాట. అందినది.

మీకు నీళ్లు అందినట్టు మీ మనిషే రాసి ఇచ్చాక ట్యాంకరెందుకు, కారే జాయింటును అట్లా వదిలేయడమెందుకు అని ఆయన అడిగాడు. పైఆఫీసుకు కూడా అలాగే రాసి పంపానన్నాడు.

గౌతమి గుంపులో వెనక నిలబడి ఉంది. అంత దూరం నుంచి కూడా ఆ అక్షరాలను పోల్చుకుంది. గుండ్రటి అక్షరాలు, అచ్చు వేసినట్టున్న సున్నాలు. అవి తన అక్షరాలు.

ఇరవై రోజుల కిందట జరిగిన పని అది. కాలనీలో ఇంటరు చదివే పిల్ల తనొక్కతే కాబట్టి ప్రతి ఇంటికీ అర్జీ తనే రాసింది. అన్నీ కట్టగట్టి ఆఫీసులో ఇవ్వబోతే, గుమాస్తా రాజేంద్ర రిజిస్టరును ఆమె ముందుకు తోశాడు. నీ రాత ముత్యాల మాదిరి ఉండాది పాపా, నువ్వే ఎక్కించు అన్నాడు. ఫ్యాను కింద కుర్చీ వేశాడు. చివరి గడిలో ‘అందినది’ అని రాయమన్నాడు. బడిలో సెలవు చీటీ మీద పెద్దసారు రాసేదీ ఆ మాటే. అర్జీ అందినదని కాబోలు అనుకుంది.

కానీ పేజీ పైన ఆ గడికి పేరు అచ్చయి ఉంది. ‘చర్య తర్వాత స్థితి.’ గౌతమి దాన్ని చదివింది. చర్య ఇంకా జరగలేదు కదా అన్న ప్రశ్న నాలుక దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే రాజేంద్ర ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసి ఆమె చేతిలో పెట్టాడు. సీసా చుట్టూ చెమట పట్టి ఉంది. ఆ చల్లదనంతో పాటు ప్రశ్న కూడా గొంతులోంచి కిందికి దిగిపోయింది. సీసా సగం తాగి, అరవై రెండు సార్లు ‘అందినది’ అని రాసింది. పొరపాటు తెలియక జరిగిందని చెప్పుకోవడానికి ఆ సీసా అడ్డం వస్తోంది. నీళ్లు అందింది ఆ రోజు ఒక్కరికే. అది తనకే.

ఎవరు రాసినారని గుంపు అరిచింది. రాజేంద్ర కళ్లు ఒక్క క్షణం గౌతమి మీద ఆగి పక్కకు పోయాయి. జవాబు రాకపోయేసరికి గుంపు తనకు తెలిసిన జవాబు వెతుక్కుంది. ఓబిలేష్ వైపు తిరిగింది.

ఓబిలేష్ కాలనీవాడే. కాంట్రాక్టరు కింద వాల్వులు తిప్పే పని. రోజూ ఆఫీసుకు పోయేవాడు అతనొక్కడే. తనకేమీ తెలియదని అతను చెప్పేలోగానే నోటి దురుసు బయమ్మ అతని ముందు ఉమ్మింది.

"ప్లాట్లకు నీళ్లు తిప్పేది నువ్వే గదప్పా? మా నోట్లో మన్ను గొట్టేకి నీకు సంతకం ఒక లెక్కనా?"

ఓబిలేష్ సంతకం పెట్టడం ఈమధ్యే నేర్చుకున్నాడు, అంతకు మించి ఒక్క అక్షరం రాయలేడు. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడి తల దించుకున్నాడు. దించిన తలను గుంపు నేరం ఒప్పుకోవడంగా తీసుకుంది.

గౌతమి గుంపు వెనక్కి ఇంకో అడుగు వేసింది.

* * *

ఓబిలేష్ ఇంటి ముందు నుంచి నడవడం కాలనీ మానేసింది. అతని భార్య అగ్గిపెట్టె అడిగితే లేదన్నారు. గౌతమి పొద్దున్నే ఆ ఇంటి ముందు నుంచే పోయేది, తల ఎత్తేది కాదు. తరగతిలో లెక్చరరు పిలిస్తే పలకడానికే భయపడే పిల్ల. అరవై ఇళ్ల ముందు నిలబడి నేనే అని చెప్పడం ఎట్లా? రేపు చెబుతాను అనుకుంది. రేపు ఎల్లుండి అయింది.

శుక్రవారం చౌడమ్మ పడిపోయింది. లీకు గుంత ఉన్నప్పుడు ఆమె అంత దూరం పోయే పనే లేదు. ఇప్పుడు రెడ్డి చేలో బోరు దగ్గరికి పోయి, బిందెతో వస్తూ బండ మీద జారింది. తుంటి విరిగింది. గౌతమీ నాగలక్ష్మమ్మా నులక మంచం మీద వేసి ఆటో దాకా మోశారు. నొప్పికి మూసుకున్న కళ్లు తెరవకుండానే చౌడమ్మ గౌతమి చెయ్యి తడిమి పట్టుకుంది.

"నీ రాత మంచిదంట గదా పాపా. ఇంగో అర్జీ రాయి. నీళ్లు ఇయ్యకపోయినా పాయె, నా సెంబు ఇయ్యమని రాయి."

ఆటో పోయాక గౌతమి తన చెయ్యి వైపు చూసుకుంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

* * *

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు సంఘం మీటింగు. కాలనీలో సగం మంది చర్చి లోపలి నుంచి, సగం మంది మారెమ్మ గుడి వైపు నుంచి వచ్చి కూర్చున్నారు. తేల్చాల్సింది ఒకటే, ఓబిలేష్‌ను సంఘం నుంచి తీసేయాలా వద్దా. తీసేయాలన్నవాళ్లే ఎక్కువ. అతను చివర గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఎటూ చూడడం లేదు. చేతులెత్తమని నాగలక్ష్మమ్మ అడిగింది. చేతులు లేవడం మొదలైంది.

గౌతమి కూడా లేచింది, చెయ్యెత్తడానికి కాదు.

"ఆ రాత నాది."

చాలామందికి వినబడలేదు. గట్టిగా చెప్పమన్నారు. ఆమె మళ్లీ చెప్పింది. కుర్చీ గురించీ, చదివి కూడా అడగని గడి పేరు గురించీ చెప్పింది. చల్లటి నీళ్ల సంగతి చెప్పకుండా దాటేయొచ్చు. అయినా చెప్పింది.

లేచిన చేతులు అట్లాగే గాలిలో ఉండిపోయాయి. ముందు తేరుకున్నది బయమ్మే.

"మాకు సదువు రాదని నీకిస్తే, ఆ సదువుతోనే మమ్మల్ని ముంచినావా? సీసాడు నీళ్లకేనా మ్మే?"

  గౌతమి ఓబిలేష్ దగ్గరికి పోయి, అన్నా, అని మాత్రం అనగలిగింది. అతను ఆమె ముఖంలోకి చూశాడు. తిడతాడనే అందరూ అనుకున్నారు.

"రాసింది నువ్వు," అన్నాడు. "తిప్పింది నేను. దినామూ పొద్దున ప్లాట్ల పక్కకు తిప్పేది ఈ చెయ్యే. మా ఇంట్లో బిందె ఖాళీ ఉండాదని తెలిసే తిప్పినా. ఉమ్మితే ఓర్సుకున్నా గానీ, బయమ్మక్క అన్నదాంట్లో అబద్ధమేముండాది?"

అప్పుడు నాగలక్ష్మమ్మ మాట్లాడింది. గుమాస్తా చెయ్యి రాయలేదు, కాంట్రాక్టరు చెయ్యి వాల్వు ముట్టలేదు, గుంత పూడ్చినవాళ్లు కూడా మన మాదిరి కూలీలే అంది. మన గొంతు పిసికేకి వాళ్లకు మన చేతులే కావాల్సి వచ్చినాయి అంది. ఆ మాట ఆమె అరవకుండా చెప్పింది కాబట్టి అందరికీ వినబడింది.

రిజిస్టరులో రాసినదాన్ని తను పోయి కొట్టేస్తానంది గౌతమి. నాగలక్ష్మమ్మ ఒప్పుకోలేదు.

"నువ్వొక్కదానివి కొట్టేస్తే పిల్ల తప్పు, పిల్ల దిద్దుకున్నాదంటారు. యాడ తప్పు జరిగిందో ఆడనే మేమందరం రాస్తాము. ఏం రాయల్ల, ఎన్ని అచ్చరాలు?"

"అందలేదు," అంది గౌతమి. "నాలుగే. అందినదిలో నాలుగే, అందలేదులోనూ నాలుగే."

* * *

లీకు గుంత మీది కాంక్రీటు వాళ్లకు పలక అయింది. ఆ సిమెంటు నున్నగా ఉంది, సుద్ద బాగా పడుతుంది. వారం రోజులు పనుల నుంచి దిగగానే ఆడవాళ్లూ మగవాళ్లూ దాని చుట్టూ గొంతుక్కూర్చున్నారు. గడ్డి పీకీ పీకీ కాయలు కాసిన వేళ్లకు సుద్దముక్క జారిపోయేది. చెంబు అంచును చూపించి, సున్నా ఇట్లా గుండ్రంగా రావాలని గౌతమి చెప్పేది. ప్రతిసారీ ఆ అంచు చూపించడానికి ఆమెకు గుండె దిటవు చేసుకోవాల్సి వచ్చేది.

బయమ్మ పేచీ పెట్టింది. మనం మాట్లాడేది అందల్యా అని గదా, అందలేదని ఎవరు మాట్లాడతారంది. ‘ల్యా’ రాయడం ఇంకా కష్టమని గౌతమి చెప్పింది.

"కష్టమైనా మనది. వాళ్ల మాట వాళ్ల నోట్లోనే ఉండనీ."

సోమవారం అర్జీల రోజు. కాలనీ వరుసగా నిలబడింది. అర్జీ పెట్టడానికి వచ్చామన్నారు కాబట్టి రాజేంద్ర రిజిస్టరు తెరవక తప్పలేదు. పాత పేజీ తిప్పమని నాగలక్ష్మమ్మ అంది. అతనికి అర్థమై మూయబోయేలోగా ఆమె అరచెయ్యి పేజీ మీద పడింది. ఆమె మొదట రాసింది. వెనక ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ ఒక్క అక్షరం కూడా కొట్టేయలేదు. తమ పేరు ఎక్కడుందో గౌతమి వేలు చూపిస్తే, ఆ పక్కనే వంకరగా, పెద్దగా, గీత దాటి రాశారు. బయమ్మ నాలుక కొరుక్కుంటూ ‘అందల్యా’ అని రాసింది. చౌడమ్మ పేరు దగ్గర ఎవరూ రాయలేదు. ఆ గడి ఆమె కోసం ఉండాలన్నారు.

చివర ఓబిలేష్ రాశాడు. రాసి, వాల్వు తిప్పే ఇనుప రాడ్డును రిజిస్టరు మీద పెట్టాడు. ఇంక తన చెయ్యి ఆ పక్కకు తిరగదన్నాడు.

ఇంజనీరు పోలీసులకు ఫోన్ చేశాడు. ప్రభుత్వ రికార్డు పాడు చేశారని కేసు. నాగలక్ష్మమ్మనూ ఓబిలేష్‌నూ జీపెక్కించారు. గౌతమి జీపుకు అడ్డం పోయి, మొదటి రాత నాది, అబద్ధం రాసింది నేను, నన్ను తీసుకుపోండి అని ఎస్సైని అడిగింది. అబద్ధానికి కేసు లేదన్నాడు ఎస్సై. కాలేజీకి పొమ్మన్నాడు.

జీపులోంచి ఓబిలేష్ తల బయటికి పెట్టాడు.

"పాపా, రాడ్డు టేబులు మీదుండాది. దాన్ని రేపు ఎవరు ఎత్తుకుంటారో సూడండి. వాళ్లతో మాట్లాడండి."

* * *

తన మీద కేసు పడనందుకు గౌతమికి ఆ రోజంతా అన్నం దిగలేదు. మరుసటి పొద్దున లీకు గుంత దగ్గరికి వచ్చేసరికి పట్నంలో నేతపనివాళ్లుండే మగ్గాల వీధి ఆడవాళ్లు ఇరవై మంది దాకా అక్కడ నిలబడి ఉన్నారు. అర్జీలు పెట్టిన తమ వీధి పేర్ల దగ్గర కూడా ‘అందినది’ అనే ఉందట. నిన్న గోల జరిగాక ఎవరో చూసి వచ్చారట. ఆ నాలుగక్షరాలు తమకూ నేర్పమని అడిగారు.

గౌతమి సుద్దముక్క తీసింది. ఇవ్వలేదు.

"ముందు ఒక మాట వినండి. మా కాలనీ పేర్ల దగ్గర అబద్ధం రాసింది నేనే," అంది. సీసాతో సహా మొత్తం చెప్పింది. ఈసారి గట్టిగా చెప్పమని ఎవరూ అడగలేదు. అంతా విన్నాక ఒక మగ్గం మనిషి చెయ్యి చాచింది. గౌతమి అప్పుడు సుద్ద ఇచ్చింది.

కానీ రాయడానికి చోటు లేదు. వారం రోజుల రాతలతో సిమెంటంతా తెల్లబడిపోయింది.

బయమ్మ కాసేపు నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసింది. ఇంటికి పోయి గడ్డపారతో వచ్చింది.

"పలక నిండిపాయె. నేర్సుకునేది అయిపాయె," అంది. గడ్డపారను గౌతమికి ఇచ్చింది. "నీ సేత్తోనే మొదలుపెట్టు పాపా. ఆ చౌడమ్మ సెంబు పక్కన ఎయ్యి."

గౌతమి రెండు చేతులతో ఎత్తి వేసింది. మొదటి పోటుకు సుద్ద పొడి లేచింది. రెండో పోటుకు మగ్గాల వీధి ఆడవాళ్లు కూడా గడ్డపార మీద చేతులు వేశారు. మూడో పోటుకు అడుగున సిమెంటు పగిలి, పగులు వెంట సన్నగా తడి పాకింది.

చెంబు కదిలింది.