బస్తా నడక

ఎనిమిదో మిర్చిబస్తా దించి మొగిలయ్య గట్టిగా తుమ్మాడు. ఎనుమాముల మార్కెట్లో నలభై రెండేళ్లుగా హమాలీ పని చేస్తున్నా, ఆ ఘాటు అతని ముక్కుకు ఇంకా అలవాటు కాలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి. ఎండిన ఒళ్లు, కుడిదానికంటే కిందికి వాలిన ఎడమ భుజం, బస్తాల రాపిడికి కాయలు కాసిన మెడ. బస్తాను పట్టి లాగే ఇనుప కొక్కేన్ని, గేటు దగ్గర కాచుకుని ఉన్న భార్య బక్కమ్మ సంచిలో, దవాఖాన కాగితాల పక్కన పడేశాడు.

పెద్దపేగులో గడ్డ ఉందని, అది క్యాన్సరని పోయిన వారం తేలింది. కోసి తీసేస్తారా, మాత్రలతో సరిపెడతారా అన్నది ఇవాళ తేలాలి. వయసు చూసి కాదు, ఒంట్లో సత్తువ చూసి చెబుతానంది డాక్టర్ స్రవంతి. సత్తువను ఎట్లా చూస్తారో మొగిలయ్యకు అంతుపట్టలేదు. కాంటా మీద ఎక్కిస్తారా? దవాఖానకు వెళ్లే దారంతా అతనికి భయం కంటే ఆ సంగతి తెలుసుకోవాలన్న ఆత్రమే ఎక్కువైంది.

డాక్టర్ ముందుగా పట్టు బలం కొలిచే పిడి ఒకటి చేతికిచ్చి నొక్కమంది. కొక్కెం పట్టినట్టే పట్టి నొక్కాడు. పడుచువాళ్లకు వచ్చే అంకె చూసి ఆమె కళ్లజోడు సర్దుకుంది. తర్వాత కుర్చీలోంచి లేచి, నేల మీద అంటించిన ఎర్ర పట్టీ దాకా వెళ్లి తిరిగి రమ్మంది.

“రోజు ఎట్ల నడుస్తరో అట్లనే నడువుండ్రి తాతా.”

మొగిలయ్య చెప్పింది చెప్పినట్టు చేసే రకం. మోకాళ్లు వంచాడు, మెడ ముందుకు చాచాడు, చూపు నేలకు దించాడు. ఒక పాదం కుదురుగా మోపాకే రెండోది కదిపాడు. పట్టీ దగ్గర ఆగి, “జర పక్కకు జరుగుండ్రి” అని ఎదురు గోడకు చెప్పి, మెల్లగా తిరిగాడు. గడియారంలో ఇరవై రెండు సెకన్లు.

డాక్టర్ ముఖం వాడిపోయింది. “ఇంత మెల్లగ నడిస్తె ఆపరేషన్ తట్టుకునుడు కష్టం తాతా. మాత్రలే రాస్త,” అంటూ కలం తీసి, ఆగింది. చేతి బలానికీ కాళ్ల నడకకూ పొంతన కుదరడం లేదు.

“మీరేం పని చేస్తరు?”

బక్కమ్మ కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. “హమాలి బిడ్డా. గా నడక బస్తా మోసేది. రోజు నడిచినట్టు నడువమంటివి, నడిచిండు.”

“చెప్పినట్టె జేస్తి గద!” అన్నాడు మొగిలయ్య, తప్పేమిటో తెలియక.

“సరే, ఇప్పుడు బస్తా దించి నడువుండ్రి,” అంది డాక్టర్, తనూ నవ్వుతూ.

భుజాలు దులుపుకుని వెళ్లొచ్చాడు. తొమ్మిది సెకన్లు. నమ్మకం కుదరక ఆమె ఇంకోసారి నడిపించింది. ఈసారి ఇంకా తొందరగా వచ్చాడు.

“ఆపరేషనే చేద్దాం. కానీ ఆ తర్వాత బస్తా మోయొద్దు. ఎప్పటికీ.”

మొగిలయ్య ఆ ఎర్ర పట్టీ వైపు చూశాడు. బస్తాలు మోసి గట్టిపడిన ఒళ్లు కాబట్టే కోస్తామంటున్నారు, కోశాక ఆ బస్తాలే వద్దంటున్నారు. అతనికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

“మోయకపోతె నేను ఎట్ల నడువాలె?”

“గిప్పుడు నడిచినట్టె,” అంది బక్కమ్మ. ఈసారి ఆమె నవ్వలేదు.

సాయంత్రం మొగిలయ్య కొక్కెం తీసుకుని ఒక్కడే మార్కెట్‌కు వెళ్లాడు. “పొద్దుగాల రెండు లారీలున్నయ్, జల్ది రా కాకా,” అన్నాడు తోటి హమాలీ ఓంప్రకాశ్. మొగిలయ్య తలూపాడు. షెడ్డు స్తంభానికున్న మేకుకు కొక్కెం తగిలించి, నిటారుగా, చేతులూపుకుంటూ నడిచాడు. గేటు మలుపు దగ్గర మాత్రం ఆగి, ఎదురుగా ఎవరూ లేకున్నా, “జర పక్కకు జరుగుండ్రి,” అని బయటికి వెళ్లిపోయాడు.

మేకుకు కొక్కెం కాసేపు ఊగి ఆగింది. దాని చెక్కపిడి మీద నాలుగు వేళ్లు పట్టేంత గుంటలున్నాయి, వాటి నిండా ఎర్రటి మిర్చి దుమ్ము.