రాయని సున్నా

తుఫాను సార్ బీజగణితం క్లాసు ఉదయం ఐదున్నరకే మొదలయ్యేది. నూట ఇరవై మంది పిల్లలు, అరవై బల్లలు, ఒక బోర్డు. మాట వేగం వల్ల ఆయనకా పేరు. సుద్దముక్క పట్టుకున్నాడంటే మొదటి లైనుకీ జవాబుకీ మధ్య ఏం జరిగిందో ఆ దేవుడికే తెలియాలి.

"స్టెప్పులు రాసుకుంటూ కూర్చుంటే ఎంట్రన్సులో గంట కొట్టేస్తారు. ఎగరగొట్టండర్రా!" అనేవాడు.

స్టెప్పు ఎగరగొడితే ఇంట్లోంచి ఏదో ఒకటి పోతుంది. అది అందరికీ తెలిసిందే. చిన్న స్టెప్పయితే గరిటో దువ్వెనో. ప్లస్సా మైనస్సా అని చూడకుండా దాటేస్తే కుర్చీ. సమీకరణంలో రెండు వైపులా x కొట్టేసి, x సున్నా కూడా కావచ్చని ఒక్క లైను రాయకపోతే మాత్రం మనిషే పోతాడు. అదీ గుమ్మానికి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్లు. కిందటేడు మొదటి ర్యాంకు తెచ్చుకున్న కుర్రాడింట్లో ఇప్పుడు మంచాల్లేవు, వాళ్ల పిన్నీ లేదు. చూడ్డానికెళ్లిన వాళ్లని వాళ్లమ్మ నేల మీదే కూర్చోబెట్టి మిఠాయి పెట్టింది. తినొచ్చారు అందరూ, సిగ్గులేకుండా. ముందుచూపున్న వాళ్లు పరీక్షలొస్తున్నాయంటే చిల్లు బకెట్లూ విరిగిన స్టూళ్లూ తెచ్చి గుమ్మం దగ్గర పేర్చుకుంటారు.

ఆ క్లాసులో లాండ్రీ షాపు వాళ్లమ్మాయి ఒకతె ఉండేది. ప్రతి స్టెప్పూ రాస్తుందని అందరూ నత్త అని పిలిచేవాళ్లు. ఆ అలవాటు తాతయ్యది. ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి, ఒక్క కామా మింగినా ఊరుకునేవాడు కాదు. నత్తకి లెక్కలు నేర్పింది ఆయనే. లెక్కలంటే ఆయనకి పెద్దగా రావు గానీ, లైనుకీ లైనుకీ మధ్య ఏదన్నా జారిపోతే ఇట్టే పట్టేసేవాడు.

నమూనా పరీక్షలో డెబ్బై ఐదు ప్రశ్నలకి నత్త నలభై ఆరే చేసింది. నలభై ఆరూ కరెక్టే.

"పుణ్యకాలం కాస్తా గడిచిపోయాక కరెక్టయితే ఏంటి, కాకపోతే ఏంటి!" అంది అమ్మ.

"ఎంట్రన్సు రాయడం ఇది రెండోసారి," అన్నాడు నాన్న, చొక్కా మడతపెడుతూ. "ఈసారీ సీటు రాలేదనుకో, చదువు బంద్. ఇస్త్రీ బల్ల దగ్గరికి రా."

ఆ బల్ల సంగతి నత్తకి తెలుసు. సెలవుల్లో అక్కడే నిలబడింది, రెండు మణికట్ల మీదా కాలిన మచ్చలున్నాయి. ఆ ఆవిరిలో జీవితమంతా గడపాలంటే ఆమెకి ఏడుపొచ్చేది. నెల రోజులు కూర్చుని చిన్నచిన్న స్టెప్పులు ఎగరగొట్టడం నేర్చుకుంది. గరిటెలన్నీ పోయాయి, అమ్మ కూర గ్లాసుతోనే వడ్డించింది.

పరీక్షకి వారం ముందు అమ్మ గుమ్మం దగ్గర పేర్చిన స్టూళ్లన్నీ తీసేసి, తాతయ్య మంచం ఈడ్చుకొచ్చి అక్కడ వేసింది.

"అమ్మా, మంచం అక్కడెందుకే?"

"గాలొస్తుందనే. నువ్వు పుస్తకంలోకి చూడు."

తాతయ్య ఏమీ తెలియనివాడు కాదు. కోడలు వంటింట్లోకి వెళ్లాక మనవరాల్ని దగ్గరికి పిలిచాడు.

"నువ్వు రాయాల్సిన లైను రాసుకో తల్లీ. నేనెక్కడికీ పోను."

"రాస్తాను తాతయ్యా," అంది నత్త. నిజంగానే అంది, మనసులో ఏ కల్మషమూ లేదు.

పరీక్ష హాల్లో ఆమె చెయ్యి ఎన్నడూ లేనంత జోరుగా సాగింది. ఆఖరి ప్రశ్నకి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. x ఘనం, ప్లస్ పన్నెండు x, సమానం ఏడు x వర్గం. x కి అన్నిటికన్నా పెద్ద విలువ ఎంత? నాలుగు మార్కులు. కిందటేడు సీటు పోయింది మూడు మార్కుల్లోనే. ఇన్విజిలేటరు పక్క వరసలో కాగితాలు లాక్కుంటూ వస్తున్నాడు. నత్త అంతటా ఒక్కో x కొట్టేసింది. మూడు, నాలుగు వచ్చాయి. జవాబు నాలుగు. ఇంక మిగిలింది చిత్తు కాగితం మీద x సున్నా కావచ్చని రాయడం, జవాబు పత్రంలో గడి నింపడం. రెండిట్లో ఒక్కదానికే టైముంది.

ఆమెకి తాతయ్య గుర్తొచ్చాడు. గుర్తురాలేదని ఎవరైనా అంటే అది అబద్ధం. గుర్తొచ్చాకే గడి నింపింది.

ఇంటికొచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి మీద ఇంకా మనిషి పడుకున్న నొక్కు ఉంది.

"మంచినీళ్లడిగాడు," అంది అమ్మ. "తెచ్చేసరికి లేడు. గడియారం పన్నెండు కొట్టిందప్పుడే."

"ఎన్ని చేశావు?" అన్నాడు నాన్న.

"అన్నీ," అంది నత్త.

ఫలితాలొచ్చాయి. నత్తకి సీటొచ్చింది, బొటాబొటిగా. కోచింగ్ సెంటర్లో తుఫాను సార్ ఆమెకి అందరి ముందూ చెయ్యి కలిపి, మార్కుల కాగితం అందించాడు. కింద చిన్న అక్షరాల్లో ఏదో అచ్చయి ఉంది. ఒక్క కామా వదలకుండా చదివే అలవాటు కదా, చదివింది. ఆఖరి ప్రశ్న రద్దు చేశారట. రెండు ఆప్షన్లలో ఒకే అంకె పడిందట. రాసినవాళ్లకీ రాయనివాళ్లకీ అందరికీ నాలుగేసి మార్కులు కలిపారట.

"సార్, అయితే నేను దాన్ని ముట్టుకోకపోయినా..."

"వచ్చేవే. అదృష్టవంతురాలివి!"

"ఆ ప్రశ్నే లేదన్నారు కదా సార్. మరి నేను కొట్టేసింది కూడా లేనట్టే కదా?"

తుఫాను సార్ మొట్టమొదటిసారి నెమ్మదిగా మాట్లాడాడు. "మార్కులైతే కలుపుతారమ్మా. మనుషుల్ని కలపరు."

నత్త ఇంటికి పరిగెత్తింది. వీధిలో వాళ్లు షాపు ముందు గుమిగూడి ఉన్నారు, అమ్మ నవ్వుతూ మిఠాయి పంచుతోంది. నత్త అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఊరికే పోయాడమ్మా తాతయ్య. ఉత్తపుణ్యానికి పోయాడు."

"నెమ్మదిగా మాట్లాడవే," అంది అమ్మ, "జనం ఉన్నారు."