రేకు డబ్బా

బంతి సూటిగానే పోయేది. దూరంగానూ పోయేది. ఆ విషయంలో ఎవరూ వంక పెట్టలేదు. అయినా ఆ గోల్ఫ్ కర్రను కొన్నవాళ్లలో సగానికి సగం మంది నెల తిరక్కుండానే మళ్లీ అట్టపెట్టెలో పెట్టి, కొన్న కొట్టుకే తెచ్చి ఇచ్చేశారు. మిగతావాళ్లు మొహమాటం కొద్దీ ఏ మంచం కిందో తోసేసి ఉంటారు. కొట్లవాళ్లు తమకు మాత్రం ఎందుకని ఆ పెట్టెలన్నీ వర్క్‌షాపుకు తిప్పి పంపారు. వెనక గదిలో అవి పైకప్పు దాకా పేరుకుపోయాయి. రోజూ పొద్దున్నే ఆ గది తలుపు తీసి చూడటం, చూసి మళ్లీ మూయడం మేస్త్రికి అలవాటైపోయింది.

మేస్త్రి అని అందరూ పిలిచినా ఆయన అక్కడ జీతగాడు కాదు, సగానికి యజమాని. మిగతా సగం తమ్ముడిది. తండ్రి పెట్టిన వర్క్‌షాపు. కర్రలు చేయడం అన్న వంతు, వాటిని అమ్మడం తమ్ముడి వంతు. తండ్రి అలా పంచి పోలేదు గానీ, ఒకడికి చేతులూ ఇంకొకడికి నోరూ ఇచ్చి పోయిన మాట మాత్రం నిజం.

ఇక మేస్త్రి చెవుల సంగతి. సాన మిషను ముందు ఏళ్ల తరబడి నిలబడ్డవాడికి చెవులు మిగలవు. చెవులకు పెట్టుకునే మూతలు గోడకు వేలాడుతూనే ఉండేవి. అవి పెట్టుకుంటే లోహం ఎక్కడ అరుగుతోందో తెలియదని ఆయన వాటిని ముట్టుకునేవాడు కాదు. అలా లోహం మాట వినీ వినీ మనుషుల మాట పోగొట్టుకున్నాడు. పోయిందని ఎవరికీ చెప్పలేదు. డాక్టరు ఊసెత్తితే ముక్కు మీద కోపం. ఎదుటివాళ్ల మూతి చూసి, మొహం చూసి, సమయం సందర్భం చూసి తలూపేవాడు. దానికి చిన్న చిరునవ్వు తగిలించేవాడు. ఈ విద్యలో తాను ఆరితేరాననీ, తన చెవుడు సంగతి మూడో కంటికి తెలియదనీ ఆయన నమ్మకం.

మధ్యాహ్నం భోజనాల దగ్గరైతే ఆ విద్యతో కూడా పనిలేదు. ఇల్లు వర్క్‌షాపు ముందుభాగంలోనే. అన్నదమ్ములిద్దరూ చేతులు కడుక్కుని ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. మేస్త్రి భార్య కూర గరిటె పట్టుకుని పక్కన నిలబడి ఏదో అడుగుతుంది. గరిటె చూస్తే తెలియదా ఏమడుగుతోందో? ఆయన తలూపుతాడు, ఆమె వడ్డిస్తుంది. ఒక్క మాటైనా వినకుండా భార్యను ఇంతగా అర్థం చేసుకునే మగాడు ఎంతమందికి దొరుకుతాడని ఆయనకు లోలోపల గర్వం కూడా ఉండేది.

కొత్త కర్ర ఆయన ఆఖరి పంతం. దాన్ని మొదలుపెట్టేటప్పుడే తమ్ముడు ఎదురుగా కూర్చుని, చేతులు తిప్పుతూ, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"ఈ సీజను దీంతో చూద్దాం అన్నయ్యా. ఇది ఆడకపోతే సొంత కర్రలు ఆపేద్దాం. పెద్ద కంపెనీవాళ్లు వాళ్ల సరుకు పంపిస్తామంటున్నారు. పాలిష్ చేసి తిప్పి పంపితే చాలు."

అది మాత్రం మేస్త్రికి పూర్తిగా అర్థమైంది. తండ్రి పేరులోని మొదటి అక్షరం ప్రతి కర్ర తల మీదా చిన్న ముద్రగా ఉంటుంది. ఈ కర్ర ఆడకపోతే ఆ ముద్ర ఇక మూలన పడేయాల్సిందే. పరాయివాడి సరుకుకు మెరుగు పెట్టుకుంటూ బతకాల్సిందే.

అందుకే ప్రాణం పెట్టి చేశాడు. ఆటలో మొదటి దెబ్బ కొట్టే పెద్ద కర్ర అది. దాని తల పిడికిలికన్నా పెద్దది, లోపల బోలు. ఆ బోలులో అడుగున సన్నటి పట్టీలు రెండు అతకడం రివాజు. మేస్త్రి వాటిని తీసేశాడు. అలా మిగిలిన బరువును తల వెనకంచుకు చేర్చాడు. దాంతో దెబ్బ కాస్త అటూ ఇటూ తగిలినా బంతి దారి తప్పడం తగ్గింది. ఆ పట్టీలు అక్కడ ఎందుకుంటాయని ఆయన ఆలోచించకపోలేదు. తీసేసి కొట్టి చూశాడు. తేడా ఏమీ కనపడలేదు. ఎవరో ఎప్పుడో పెట్టారు, మిగతావాళ్లు గుడ్డిగా పెట్టుకుంటూ పోతున్నారు అనుకుని నవ్వుకున్నాడు.

పెరట్లో వల కట్టి మొదటిసారి అందరి ముందూ కొట్టిన రోజు తమ్ముడూ, పాలిష్ పట్టే అతనూ, భార్యా చుట్టూ నిలబడ్డారు. తలా ఒక మాట అన్నారు. మేస్త్రి అందరికీ నవ్వుతూ తలూపాడు. మెచ్చుకోలు కాకపోతే ఇంకేముంటుందని ఆయన ధీమా.

ఆ కర్ర ఇప్పుడు వెనక గదిలో దుమ్ము కొట్టుకుంటోంది. ఎందుకో తెలియకపోతే నిద్రపట్టేలా లేదు. ఒక ఆదివారం ఆయన ఒక్కడే, గోల్ఫ్ సామాన్లు అమ్మే పాత స్నేహితుడి కొట్టుకు వెళ్లాడు. కొట్టు వెనక బంతులు కొట్టి చూసుకునే మైదానం ఉంది. కొట్టతను ఒక కర్రను పెట్టెలోంచి తీసి, వచ్చినవాళ్లను కొట్టి చూడమన్నాడు.

గోల్ఫ్ ఆడేవాళ్లు ఒకడు కొడుతుంటే మిగతావాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడతారు. దగ్గు వచ్చినా ఆపుకుంటారు. అంత మర్యాదస్తుల మధ్య ఒక బట్టతల ఆసామి కర్ర ఎత్తి కొట్టాడు. బంతి గీత గీసినట్టు పోయింది. అంత చక్కటి దెబ్బ అతను పుట్టి బుద్ధెరిగాక కొట్టి ఉండడు. కానీ బంతిని చూస్తేగా! ఆసామి మొహం గంటు పెట్టుకుని కర్ర వైపు చూశాడు. మైదానం ఆ చివరన ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆసామి చెవుల దాకా ఎర్రబడి, ఎంగిలి వస్తువును పట్టుకున్నట్టు కర్రను రెండు వేళ్లతో పట్టుకుని తిరిగి ఇచ్చేశాడు. పోతూ పోతూ మేస్త్రితో ఏదో అన్నాడు. మేస్త్రి నవ్వుతూ తలూపాడు.

కొట్టతను అది చూసి ఇక ఆపుకోలేకపోయాడు. మేస్త్రి భుజం పట్టుకుని లోపలికి లాక్కెళ్లి, చెవికి నోరు ఆనించి అరిచాడు.

"చప్పుడయ్యా! దాని చప్పుడు! రేకు డబ్బా రాయి మీద పడ్డట్టుంది! నలుగురిలో తలెత్తుకుని ఆడలేకపోతున్నారు! ఊళ్లో అందరూ దాన్ని రేకు డబ్బా అనే అంటున్నారు!"

మేస్త్రి బిక్కచచ్చిపోయాడు. చెవి రుద్దుకుంటూ అడిగాడు.

"నా చెవిలో అరిచావెందుకు?"

"అరవకపోతే వినపడదుగా! నీకు చెవుడని ఎవరికి తెలియదు?"

ఆ మాట చప్పుడు సంగతి కన్నా గట్టిగా తగిలింది. మర్నాడే వేరే పేట దాకా పోయి, తనను ఎరగని కొట్లో చెవి మిషను కొనుక్కున్నాడు. ఇంట్లో చెప్పలేదు. వర్క్‌షాపులో దుమ్ముకని పెట్టుకునే టోపీని ఇంకాస్త కిందికి లాగితే అది ఎవరికీ కనపడదు.

ఆ తర్వాతి రోజు పనివాళ్లు రాకముందే వెళ్లి, వల ముందు నిలబడి, మిషను పెట్టుకుని ఒక బంతి కొట్టాడు.

సిగ్గుతో చచ్చిపోయాడు. అది కర్ర చప్పుడు కాదు, కొళాయి దగ్గర బిందెలు దొర్లిన చప్పుడు. ఆ చప్పుడు మీద తన తండ్రి అక్షరం కొట్టి ఊరి మీదికి వదిలాడు. రెండు పట్టీలు అక్కడ ఎందుకుంటాయో, ఆ మోతను అణచడానికేనని అప్పుడు తెలిసింది. ఒక కర్ర తల కోసి, పట్టీలు మళ్లీ అతికి, వెనకంచు బరువు కాస్త తగ్గించి, మూసి, మళ్లీ కొట్టాడు. ఈసారి చప్పుడు నిండుగా, బరువుగా, వినసొంపుగా వచ్చింది. బంతి అంతే సూటిగా పోయింది. ఇంత చిన్న పని! ఒక్క పూట పని!

సిగ్గు పోయి కోపం వచ్చింది. తనకైతే వినపడదు. వీళ్లందరికీ చెవులున్నాయిగా. మొదటి రోజే విన్నారుగా. ఒక్కరైనా చెప్పలేదు. తమ్ముడు కావాలనే నోరు మూసుకున్నాడు, కంపెనీ పని తెచ్చుకోవడానికి ఇదే అదను అనుకున్నాడు. పాలిష్ పట్టేవాడికి ఎవరి కర్రయితే ఏం? కానీ భార్య? కట్టుకున్నది కూడా చూస్తూ ఊరుకుందే! అరికాలి మంట నెత్తికెక్కింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర తన ముందే ఏం మాట్లాడుకుంటారో విని, అప్పుడు మంచి కర్ర బల్ల మీద పెట్టి, ఒక్కొక్కరి మొహం మీదా అడిగేద్దామని నిశ్చయించుకున్నాడు.

కర్రను గోడకు ఆనించి బల్ల దగ్గర కూర్చున్నాడు. టోపీ తీయలేదు. పళ్లేల చప్పుడు, కుర్చీ ఈడ్చిన చప్పుడు, వంటింట్లో భార్య దగ్గు. ఆమెకు దగ్గు ఉందని ఆయనకు తెలియదు. ఆమె గొంతు వినపడగానే ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాడు. ఆయనకు గుర్తున్న గొంతు వేరు. ఇది అలిసిపోయిన ముసలిదాని గొంతు.

"కంపెనీవాళ్లకు మాటిచ్చేశావా?" అని ఆమె మరిదిని అడిగింది.

"నిన్న సంతకం కూడా పెట్టాను వదినా. రేపట్నుంచి వాళ్ల సరుకు వస్తుంది."

"మీ అన్నయ్యకు చెప్పావా?"

"చెప్పాను. తలూపాడు."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో నవ్వేమీ లేదు.

"చప్పుడు బాగాలేదని మొదటి రోజే చెప్పాను వదినా. తలూపి నవ్వాడు. సరేనన్నాడు కదా, మారుస్తాడనుకున్నాను. పెట్టెలు కట్టే రోజు చూస్తే అదే మోత. మళ్లీ చెప్పాను. మళ్లీ గంగిరెద్దులా తలూపాడు. పాలిష్ అతనూ చెప్పాడు, అతనికీ అదే. ఇక ఏమనుకోవాలి? వినపడక ఊపాడో, విని పంతం పట్టాడో తేల్చుకోలేకపోయాను."

"నేనూ చెప్పాను, వల దగ్గరే. నా భుజం తట్టి మరీ వెళ్లిపోయారు."

"గట్టిగా చెప్పి ఉండాల్సింది."

"ఎట్లా చెప్పమంటావు? పనివాళ్ల ముందు అరవమంటావా? అప్పుడెప్పుడో ఒకసారి అరిస్తే, నేనేం చెవిటివాణ్ణా అని నెల్లాళ్లు నా మొహం చూడలేదు. నలుగురిలో ఆయన పరువు తీయలేక ఊరుకున్నాను. ఊరుకోవడం అలవాటైపోయింది."

మనసులో పేర్చుకున్న తిట్లన్నీ ఎవరిమీద కురిపించాలో ఇప్పుడు మేస్త్రికే తెలియలేదు. గోడకు ఆనించిన కర్ర వైపు చెయ్యి చాచాడు. ఇదిగో, బాగుచేశాను, విను అనబోయాడు.

"ఇప్పుడు మార్చినా లాభం లేదు వదినా," అంటున్నాడు తమ్ముడు, తన మానాన తింటూ. "రేకు డబ్బా అని పేరు పడిపోయాక బంగారంతో చేసిచ్చినా ఎవడూ ముట్టడు. నాన్న ముద్ర కనపడితే చాలు, కొట్లవాళ్లు పెట్టె కూడా విప్పడంలేదు."

చాచిన చెయ్యి నీళ్ల గ్లాసు దగ్గర ఆగింది. మేస్త్రి గ్లాసు ఎత్తి తాగాడు.

అప్పుడు భార్య కూర గరిటె పట్టుకుని పక్కకు వచ్చింది. రోజూ నిలబడే చోటే నిలబడింది. రోజూ వంగినట్టే కాస్త వంగింది. రోజూ అడిగేది ఇవాళ తన చెవులతో వినబోతున్నాడు. ఇంత చేదులోనూ ఆయన ప్రాణం ఆ ఒక్క మాట కోసం లేచి కూర్చుంది.

"ఏవండీ, నేను ఎటైనా వెళ్లిపోనా?" అంది ఆమె.

కోపంగా అనలేదు. ఏడుస్తూ అనలేదు. ఇంకాస్త వేయనా అని అడిగినట్టే అడిగింది. తమ్ముడు పళ్లెంలోంచి తలైనా ఎత్తలేదు. అంటే ఇది ఇవాళ్టి మాట కాదు, ఎన్నేళ్లుగానో అతను కూడా వింటూ వస్తున్న మాట. మేస్త్రి ఆమె మొహంలోకి చూశాడు. వద్దు అనాలనుకున్నాడు. వినపడుతోందే, నాకు వినపడుతోంది అనాలనుకున్నాడు. కానీ అప్పటికే ఆయన తల ఊగింది. పెదవుల మీదికి ఆ చిన్న చిరునవ్వు కూడా వచ్చేసింది.

ఆమె గరిటెడు కూర పళ్లెంలో వేసింది.

"చూశావా, ఇవాళ కూడా సరేనన్నారు," అంది మరిదితో, గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్తూ.

మేస్త్రి టోపీని చెవుల మీదికి ఇంకాస్త లాక్కుని, కూర కలుపుకున్నాడు.